వించ్ మీద కిష్టమ్మ

రాత్రంతా వాన పడి తెల్లారేసరికి వెలిసింది. పొద్దున తొమ్మిది దాటగానే తూర్పున చిన్న చిన్న మబ్బులు పుట్టుకొచ్చాయి. పైన ఏకిన పత్తిలా పొంగి ఉన్నాయి, అడుగున మాత్రం చిత్రిక పట్టినట్టు చదునుగా ఉన్నాయి. అడుగు చదునుగా ఉన్న మబ్బు కింద గాలి పైకి లేస్తుంటుంది. అల్మాస్‌గూడలో తమ ఇంటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న భిక్షపతి, చేతిలో చీర చేతిలోనే ఉంచుకుని వాటిని చూస్తూ నిలబడిపోయాడు.

"ఏమయ్యో, చీర ఆరేస్తున్నవా, జెండా ఎగరేస్తున్నవా?" కింద వాకిట్లోంచి కిష్టమ్మ అరిచింది. "ఆటో ఒచ్చి నిలవడ్డది. దిల్‌సుఖ్‌నగర్ పోవాలె గద!"

ఆయన చీర తీగ మీద వేసి, మెట్లు దిగి వచ్చాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె అడిగినవాటికి సగానికి ఆయన జవాబు చెప్పి ఉండడు.

మూడు నెలల కింద కిష్టమ్మకు పక్షవాతం వచ్చింది. మలక్‌పేట దవాఖానలో పన్నెండు రోజులు ఉన్నారు. మాట పోలేదు, కాలు మెల్లగా తిరిగొచ్చింది. కుడిచేయి లేస్తుంది, వంగుతుంది. కానీ మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఏది పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియదు. గ్లాసు జారి పగిలిన చప్పుడు విన్నాకే అది చేతిలో లేదని తెలిసేది.

ఎడమచేత్తో తినమని అందరూ చెప్పారు.

"ఎడమచేత్తో బువ్వ తినుడేంది? సచ్చినా తినను" అంది. చెంచా ఇస్తే పక్కకు నెట్టేసింది. కొడుకు సాయికుమార్ తినిపిస్తానంటే మొహం తిప్పుకుంది. తలుపు దగ్గరికి వేసి భిక్షపతి కలిపి పెడితే మాత్రం నాలుగు ముద్దలు తినేది. అయిదోది తేగానే పెదాలు బిగించేది. ఒకరి చేత్తో తినే తిండి ఆమెకు నాలుగు ముద్దల కన్నా ఎక్కువ దిగలేదు. జాకెట్లు భుజాల దగ్గర జారుతున్నాయి. కోడలు మౌనిక రెండుసార్లు కుట్లు లోపలికి వేసింది. ఈ చెయ్యి రాకపోతే మనిషి ఇట్లాగే కరిగిపోతుందని భిక్షపతి లోపల లోపల బెంగపడ్డాడు. పైకి అనలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లరు పక్క గల్లీలో, మొదటి అంతస్తులో ఉంది ఫిజియోథెరపీ. అక్కడ సంధ్యారాణి అనే అమ్మాయి ఓపికగా చేతులకూ కాళ్లకూ పని నేర్పుతుంది. ఆ రోజు ఒక టబ్బు నిండా బియ్యం పోసి తెచ్చి ముందు పెట్టింది.

"ఆంటీ, ఇందులో ఒక గుండీ దాచాను. కళ్లు మూసుకుని, చేత్తో వెతికి తీయండి చూద్దాం."

కిష్టమ్మ బియ్యం వంక చూసింది, అమ్మాయి వంక చూసింది. "తినే బియ్యంల చెయ్యి పెట్టి ఆడుతరా బిడ్డా? మా అమ్మ ఉంటే ఈపు పలగ్గొడ్తుండె."

"పోనీ ఈ బంతి నొక్కండి."

"నేనేమన్న పసిపోరినా?"

పక్క మంచం మీద మోకాలికి పట్టీ వేయించుకుంటున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. సంధ్యారాణి నవ్వలేదు. భిక్షపతిని మెట్ల దగ్గరికి పిలిచింది.

"అంకుల్, చెయ్యి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మనసు పెట్టి పట్టుకుంటేనే నేర్చుకుంటది. ఆంటీ మనసే పెడ్తలేరు. ఇట్లనే ఇంకో రెండు నెలలు పోతే నేనేం చెప్పలేను. వంట కాకుండా ఆ చేత్తో ఆమె ఇష్టంగా చేసిన పని ఏదన్నా ఉందా?"

"వించ్ తోలేది" అన్నాడు.

"అంటే?"

"జర పెద్ద ముచ్చట బిడ్డా."

తిరుగు దారిలో ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ఆటో ఆగిపోయింది. నల్లగొండ బస్సులు, సూర్యాపేట బస్సులు ఒకదాని తోక ఒకటి తొక్కుతూ నిలబడ్డాయి. కిష్టమ్మ కునుకు తీసింది. ఒళ్లో ఆ కుడిచేయి వెల్లకిలా పడి ఉంది, ఎవరో మరిచిపోయి వదిలిన వస్తువులా. భిక్షపతి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఎనభై ఆరులో అల్మాస్‌గూడ ఇంకా ఊరే. దాని అవతల, నాదర్‌గుల్ దిక్కున పెద్ద మైదానంలో ఒక గ్లైడింగు క్లబ్బు నడిచేది. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. చెక్క, గుడ్డ, వార్నీషు వాసన, అంతే. దాన్ని గాలిలోకి లేపడానికి మైదానం ఒక కొసన పాత లారీ ఇంజనుకు పెద్ద గిలక బిగించి పెట్టారు. అదే వించ్. గిలకకు చుట్టిన ఇనుప తాడును మైదానం అవతలి కొస దాకా ఈడ్చుకెళ్లి గ్లైడర్‌కు తగిలిస్తారు. ఇటు వించ్ గిర్రున తిరిగి తాడును మింగుతుంటే, అటు గ్లైడర్ పతంగిలా లేస్తుంది. తగినంత పైకి పోయాక లోపలివాడు పసుపుపచ్చ పిడి గుంజి తాడు వదిలించుకుంటాడు. ఆ తరవాత వాడు, గాలి.

మునుగోడు దగ్గర పల్లెలో ట్రాక్టర్ తోలిన చెయ్యి అని భిక్షపతిని వించ్ మీద పెట్టుకున్నారు. మూడేళ్లు కాలేజీ పిల్లల్ని, ఆఫీసు దొరల్ని పైకి లాగి పంపాడు. తాను మాత్రం నేల మీదే ఉన్నాడు. అది చూసింది బాపిరాజు. భీమవరం దగ్గరి మనిషి, ఎగరడం నేర్పే మాస్టారు. అందరికీ రాజు సారు.

ఒక ఆదివారం నేర్చుకునేవాళ్లు వెళ్లిపోయాక రాజు సారు వచ్చి వించ్ చక్రం మీద కాలు పెట్టాడు.

"ఏమయ్యా భిక్షపతీ, ఊరందరినీ పైకి పంపిస్తున్నావు. నీకెప్పుడూ వెళ్లాలనిపించలేదా?"

"అనిపిస్తది సార్. నేను పోతే ఎవరు గుంజాలె?"

"అదీ నిజమేలే."

సద్ది తెచ్చి పక్కన కూర్చున్న కిష్టమ్మ, డబ్బా మూత పెడుతూ అంది, "నేను గుంజుత."

రాజు సారు పెద్దగా నవ్వాడు. "ఇది రోకలి కాదమ్మాయ్."

"మోట తోలిన చెయ్యి సారు ఇది. మా నాయినకు కొడుకులు లేరు. పదేండ్లప్పటి సంది ఎడ్ల ఎనక తాడు పట్టుకోని తిరిగిన. బొక్కెన నీళ్లల్ల ఉన్నదా, లేసిందా, ఒలికిందా, తాడే చెప్తది. బాయిలకు తొంగి సూడనక్కర్లే."

సారు నవ్వు ఆపాడు. మూడు ఆదివారాలు భిక్షపతిని ఆమె పక్కన నిలబెట్టి, తాను ఒక్కడే గ్లైడర్‌లో కూర్చుని పదిసార్లు ఆమె చేత లాగించుకున్నాడు. పదోసారి దిగి, టోపీ తీసి బుర్ర గోక్కుంటూ అన్నాడు. "ఏమీ అనుకోకు భిక్షపతీ. నీకంటే నీ పెళ్లామే మెత్తగా లాగుతోందయ్యా."

అట్లా భిక్షపతి ఎగరడం నేర్చుకున్నాడు. ముందు సీట్లో తాను, వెనక సారు, దూరాన వించ్ మీద భార్య. మొదట్లో గ్లైడర్‌ను తిప్పే కర్రను నాగలి మేడిలా అదిమి పట్టేవాడు. "అది మేడి కాదయ్యా, చంటిపిల్ల చెయ్యి అనుకో. రెండు వేళ్లు చాలు" అనేవాడు సారు. దిగేటప్పుడు ముక్కు కింద నేల చూస్తూ గుండె జారిపోయేది. "పొలం గట్టు మీద నడిచేటప్పుడు కాళ్లకేసి చూస్తావా?" "లేదు సార్. గట్టు కొసన చూస్త." "మరి ఇక్కడా అంతే." ఆ ఒక్క మాటతో దిగడం వచ్చేసింది.

పైన ఉన్నవాడు కిందివాళ్లతో మాట్లాడే వీలు లేదు. లాగుడు జోరైతే తోకను అటూ ఇటూ ఆడించాలి. మందమైతే రెక్కలు ఊపాలి. వించ్ మీది మనిషి అది చూసి తగ్గించాలి, పెంచాలి. కిష్టమ్మ అంత దాకా రానిచ్చేది కాదు. కుడి అరచెయ్యి వించ్ జోరు పెంచే, తగ్గించే లివర్ మీద ఆనించి ఉంచేది. తాడు వణుకు ఇంజన్లోకి, ఇంజను వణుకు లివర్లోకి, అక్కడి నుంచి ఆమె చేతిలోకి వచ్చేది. ఆయన తోక ఆడించాలని అనుకునేలోపే అక్కడ జోరు తగ్గేది. మాట్లాడటం చేతకాని భిక్షపతికి అంత బాగా మాట్లాడటం మరెక్కడా కుదరలేదు.

క్లబ్బు గుమస్తా జానయ్య మాత్రం రిజిస్టరులో ఏనాడూ ఆమె పేరు రాయలేదు. వించ్ గడిలో ఎప్పటిలాగే భిక్షపతి అని రాసేవాడు. ఒక సంవత్సరం తనిఖీకి వచ్చిన ఆఫీసరు అద్దాలు సర్దుకుని, "ఒకే మనిషి కింద ఉండి లాగుతూ, పైన ఉండి ఎట్లా ఎగిరాడు?" అని అడిగాడట. "మనవాడు గట్టివాడు సార్" అన్నాడట రాజు సారు.

ముప్పై ఎనిమిదోసారి ఎగరబోయే ముందు సారు బెల్టు విప్పుకుని కిందికి దిగాడు. "ఇవాళ నా బరువు నీకెందుకులే" అని గ్లైడర్ మీద తట్టి పక్కకు వెళ్లి నిలబడ్డాడు. తాడు బిగిసింది. ఒంటి బరువుతో గ్లైడర్ లేడిలా దుమికింది. అంతలోనే లాగుడు మెత్తబడింది. వెనక సీటు ఖాళీ అని అవతలి కొసన ఉన్న మనిషికి ఎవరూ చెప్పలేదు. తాడే చెప్పింది.

పిడి గుంజాక చప్పుడంతా ఆగిపోయింది. రెక్కల పక్క గాలి రాసుకుపోతున్న సద్దు ఒక్కటే. దూరాన సరూర్‌నగర్ చెరువు పళ్లెంలా మెరిసింది, సాగర్ రోడ్డు దారప్పోగులా సాగింది. ఎదురుగా ఒక గద్ద రెక్క ఆడించకుండా తిరుగుతోంది. దాని వెంబడి తిరిగాడు. సీటు కింద నుంచి ఎవరో ఎత్తుకున్నట్టు పైకి లేచాడు. ఆరు నిమిషాల్లో దిగాల్సినవాడు ఇరవై మూడు నిమిషాలు పైనే ఉండిపోయాడు.

దిగేసరికి కిష్టమ్మ మైదానం అంత దూరం నడిచొచ్చి నిలబడి ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆరు నిమిషాలని పోయి ఇంతసేపు ఎవని ఇంట్ల కూసున్నవ్?" అని భుజం మీద ఒక్కటి చరిచింది. రాజు సారు అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

తరవాత కొన్నేళ్లకు క్లబ్బు మూతపడింది. సారు వాళ్ల ఊరు వెళ్లిపోయాడు, అక్కడే పోయాడు. భిక్షపతి నీళ్ల ట్యాంకరు తోలి ఇల్లు కట్టాడు. ఆ ముచ్చట ఇద్దరూ మళ్లీ ఎత్తుకోలేదు. మరిచిపోయి కాదు. ఎత్తుకునే పని పడలేదు.

ఆటో కదలగానే, "జర పక్కకు ఆపు తమ్మీ" అన్నాడు భిక్షపతి. ఆటో దిగి, చౌరస్తా పక్క దుకాణంలో ఇరవై గజాల నైలాన్ తాడు కొనుక్కొచ్చాడు. కిష్టమ్మకు మెలకువ వచ్చింది.

"బర్లు లేవు, బాయి లేదు. తాడెందుకయ్యా? నన్ను కట్టేస్తవా?"

"ఉండనీ."

ఆ సాయంత్రం డాబా ఒక మూల కుర్చీ వేసి, గోడ వైపు మొహం పెట్టి ఆమెను కూర్చోబెట్టాడు. తాడు కొస ఆమె కుడి అరచేతిలో రెండు చుట్లు తిప్పి వేళ్లు మూశాడు. రెండో కొస పట్టుకుని అవతలి మూలకు నడిచాడు.

"ఇదేం ఆట?"

"ఆట గాదు. నువ్వు వించ్ మీద కూసున్నవ్. ఇటు నేనున్న."

కిష్టమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. వీధిలో నీళ్ల ట్యాంకరు హారను కొట్టుకుంటూ పోయింది. తరవాత ఆ చెయ్యి కొద్దిగా వెనక్కి కదిలింది. తాడు నేల మీది నుంచి లేచింది.

భిక్షపతి తాడును అటూ ఇటూ ఆడించాడు. జోరైంది, తగ్గించు అని. ఏమీ లేదు. మళ్లీ ఆడించాడు. ఆమె అట్లాగే గుంజుతూ ఉంది.

"ఏం తెలుస్తలేదయ్యా" అంది. "కట్టె తీర్గ ఉన్నది."

"రేపు సూద్దాం."

మరునాడూ అంతే. ఆ మరునాడూ. పక్క డాబా కౌసల్యమ్మ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చూసేది. "ఏంది వదినా, గీ వయసుల తాడాట?"

"మీ అన్న ఇమానం నేర్సుకుంటుండు లే కౌసల్యా! ఒకసారి నేర్సింది మర్సిపోయిండంట."

అట్లా పదకొండు రోజులు. పన్నెండోనాడు భిక్షపతి ఎప్పటిలాగే తాడు ఆడించాడు. గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషి తల కొంచెం పక్కకు వంచింది, దూరాన ఏదో పిలుపు విన్నట్టు.

"జోరైందా?" అంది.

తాడు మెత్తబడింది.

భిక్షపతి ఈసారి తాడును కిందికీ మీదికీ నెమ్మదిగా ఊపాడు.

"ఇప్పుడు మందమైందంటున్నవ్. గుంజాలె. అంతేనా?"

"ఊఁ."

"చేతికి కాదేమో. భుజానికి తెలిసిందేమో."

"నీకు తెలిసింది గద."

ఆమె తాడు వదల్లేదు. చీకటి పడి, సాయికుమార్ వచ్చి దీపం వేసేదాకా ఇద్దరూ ఆ రెండు మూలలా ఉన్నారు.

తరవాత తాడు పోయి సన్నని సుతిలి వచ్చింది. సుతిలి పోయి నూలు దారం వచ్చింది. నెల తిరిగాక సంధ్యారాణి సూది మొనతో ఒక్కో వేలునూ ముట్టి చూసి, "బొటనవేలు, దాని పక్కది పలుకుతున్నయి అంకుల్. ఏం చేసిండ్రు?" అని అడిగింది. భిక్షపతి నవ్వాడు. కిష్టమ్మ అంది, "ఆయన్ని అడిగితే పొద్దుగూకుతది బిడ్డా. పని జేసింది నేను."

ఒక ఆదివారం మధ్యాహ్నం, మౌనిక కింద చాప పరిచి కంచాలు పెడుతుంటే కిష్టమ్మ గదిలోంచి నడిచొచ్చి వరసలో కూర్చుంది. నాలుగు నెలల్లో ఆమె అందరితో కలిసి కూర్చోవడం అదే మొదలు. సాయికుమార్ ఏదో అనబోయాడు. భిక్షపతి కళ్లతోనే వద్దన్నాడు.

మౌనిక వేడి వేడి అన్నం, టమాట పప్పు వడ్డించింది. కిష్టమ్మ కుడిచేయి కంచంలోకి దించింది. వెంటనే వెనక్కి లాక్కుంది.

"అన్నం కాల్తుంది" అంది.

మౌనిక చేతిలో గరిటె అట్లాగే నిలిచిపోయింది. కిష్టమ్మ తన వేళ్లను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఎవరివో చూసినట్టు చూసింది. ఊదుకుని మళ్లీ దించింది.

మొదటి ముద్ద సగం దారిలో జారి కంచంలో పడింది. రెండోది నోటి దాకా చేరింది, నాలుగు మెతుకులు చీర మీద రాలాయి. ఆమె వాటిని ఏరుకుని కంచం అంచున పెట్టింది. మూడోది కలపడానికి చాలాసేపు పట్టింది. నాలుగోది అయింది. అయిదోది అయింది. భిక్షపతి తల ఎత్తలేదు. తన అన్నాన్ని కొంచెం కొంచెంగా కలుపుకుంటూ, ఆమె చెయ్యి లేచినప్పుడే తన చెయ్యి లేపుతూ తిన్నాడు. అది చూసి సాయికుమార్ కూడా నెమ్మదించాడు. మౌనిక వచ్చి అత్త పక్కన కూర్చుని తన కంచంలో వడ్డించుకుంది.

కిష్టమ్మ తినడం అయ్యేదాకా వాళ్లలో ఎవరూ చెయ్యి కడుక్కోలేదు.