ఆపేసినా ఆగని వేడి

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కేశవరావు కాళ్ళు కడుక్కుని, సోఫాలో భార్య పక్కన కూర్చుని, ఆమె భుజానికి భుజం ఆనించేవాడు. ఓ కప్పు కాఫీ తాగేంత సేపు చాలు, ఆయన అలసటంతా రాగిణిలోకి దిగిపోయేది. ఈల వేసుకుంటూ లేచి టీవీ పెట్టుకునేవాడు. తర్వాత కూతురు ఇషిత వంతు. పరీక్షలప్పుడు దాని స్నేహితురాళ్ళ వంతు. అమెరికాలో వాళ్ళుండే ట్రాయ్ ఊళ్ళో, ఆ వీధి తెలుగు పిల్లలు కరివేపాకు అడిగినంత మామూలుగా వచ్చి, "ఆంటీ, టూ మినిట్స్" అని పక్కన కూర్చుని పోయేవాళ్ళు. రాగిణి భుజాలు ఏటికేడు కిందికి జారాయి. అది ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు అడగలేదు.

ఇంతలో రాగిణి ఉద్యోగం పోయింది. ఇరవై ఏళ్ళు కార్ల ఇంజన్లు చల్లబరిచే పని చేసిన మనిషిని ఒక శుక్రవారం వీడియో కాల్‌లో సాగనంపారు. ఆ తర్వాత వెళ్ళిన ప్రతి చోటా ఆమెను మూలన పడేసిన ప్రింటర్‌ని చూసినట్టు చూశారు. అనుభవం కావాలంటారు. ఆ అనుభవం నెరిసిన జుట్టుతో వచ్చి కూర్చుంటే మొహం తిప్పుకుంటారు. సిగ్గుండాలి.

అప్పుడు కనబడింది ఆ ప్రకటన. నేవీ జలాంతర్గాముల్లో అణు రియాక్టర్లు నడపబోయే పిల్లలకి పాఠాలు చెప్పడానికి సివిలియన్లు కావాలట, సౌత్ కరొలినాలో. అమెరికా రాకముందు రాగిణి రెండేళ్ళు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పింది. బతుకులో ఆమె అలసిపోకుండా చేసిన పని అదొక్కటే. అప్లై చేసింది.

"సబ్‌మెరైన్‌లోకి వెళ్తావా మమ్మీ?" అని ఇషిత నవ్వింది.

"వెళ్ళేవాళ్ళకి నేర్పుతా."

కేశవరావు మాత్రం నవ్వలేదు. "సరే, మరి మా సంగతి?" అన్నాడు. వంట గురించి కాదు ఆయన బెంగ. వంట ఆయనకీ వచ్చు.

పిలుపొచ్చింది. అక్కడ పరీక్షంటే నిజమైన క్లాసులో పాఠం చెప్పి చూపించడమే. మధ్యాహ్న భోజనం అయ్యాక ఇచ్చారు ఆమెకు క్లాసు. ఆ స్కూల్లో పుస్తకాలు, నోట్సు గేటు దాటకూడదు. చదువంతా ఆ గోడల మధ్యే. అందుకని పిల్లలు తెల్లారకముందే వచ్చి కూర్చుంటారు. క్లాసులో నిద్ర ముంచుకొస్తే ఎవరికి వాళ్ళే లేచి వెనక గోడ దగ్గర నిలబడాలి, అది అక్కడి పద్ధతి. రాగిణి బోర్డు నిండా సూత్రాలు రాసేసరికి సగం క్లాసు వెనక నిలబడి ఊగుతోంది. పరీక్షకుడు, రిటైరైన నావికుడు, గడియారం చూశాడు.

ఈ ఉద్యోగం కూడా పోయిందనుకుంది రాగిణి. మార్కర్ కింద పెట్టేసి, ఇంట్లో అలవాటైన మనిషి కదా, వెనక్కి నడిచి ఆ వరసలో తనూ భుజం కలిపి గోడకానుకుని నిలబడింది. పక్కనున్న అమ్మాయి కళ్ళు తెరుచుకున్నాయి. ఆ అమ్మాయి వెళ్ళి కూర్చుంది. తర్వాత మరొకరు, ఇంకొకరు. చివరికి గోడ దగ్గర రాగిణి ఒక్కతే మిగిలింది, అందరి నిద్రా మోస్తూ. అక్కడి నుంచే చెప్పింది.

"ఈ దేశం వచ్చిన కొత్తలో పాలు పొంగబోతుంటే స్టవ్ ఆపేశాను. మా ఊళ్ళో గ్యాస్ స్టవ్, కట్టేస్తే మంట అక్కడితో సరి. ఇక్కడ కరెంటు కాయిల్. ఆపేశాను కదా అని గిన్నె దాని మీదే వదిలేశాను. స్టవ్ నిండా పాలే. రియాక్టరూ అంతే. ఆపేసినా లోపల వేడి పుడుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తీసుకుపోవాలి."

క్లాసు నవ్వింది. ఇందాకటి అమ్మాయి చెయ్యెత్తింది. "ఆ వేడిని మోసుకుపోయే నీళ్ళని ఎవరూ చల్లబరచకపోతే, మేడమ్?"

ఇన్నేళ్ళుగా రాగిణిని ఎవరూ అడగని ప్రశ్న అది.

"ముందు అవే మరిగిపోతాయి," అంది నెమ్మదిగా. "తర్వాత అన్నీ పోతాయి. అందుకే ఆ వేడి తీసుకోవడానికి చివర్లో సముద్రం ఉండాలి."

పరీక్షకుడు గడియారం మర్చిపోయాడు. బయటికొచ్చి, కాగితాల పని ఆలస్యం కావచ్చు గానీ చోటు మాత్రం ఆమెదేనన్నాడు.

కాళ్ళీడ్చుకుంటూ గేటు దగ్గరికొచ్చింది. కాపలా మనిషి ఆమె బ్యాగు తెరిచి చూశాడు. పాఠం కోసం రాసుకున్న కాగితాలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఆమె భుజాల వైపు చూశాడు.

"ఆ అలసట కూడా ఇక్కడే పెట్టాలి మేడమ్. లోపల తీసుకున్నదేదీ బయటికి పోకూడదు."

"ఇందులో ఇంటి నుంచి తెచ్చుకున్నదీ ఉంది."

"కలిసిపోయింది కదా. ఇప్పుడు విడదీయలేం," అన్నాడతను, రోజూ చేసే పనిలాగే.

రాగిణి దించింది. గేటు దాటేసరికి కాళ్ళు తనవి కానట్టు తేలిగ్గా పడ్డాయి. పార్కింగ్‌లో నిలబడి భుజాలు ఒకసారి ఎత్తి చూసుకుంది. ఎత్తిన చోటే నిలిచాయి.

ఫోన్ మోగింది. కేశవరావు. ఇవాళ ఆఫీసులో ఒళ్ళు హూనమైందని, ఎప్పుడొస్తున్నావని అడిగాడు.

"ఉద్యోగం వచ్చిందండీ," అంది రాగిణి.

అవతల టీవీ చప్పుడు ఆగింది.

"మరి నా అలసట?"

"కాసేపు పడుకోండి," అంది. "లోకంలో అందరూ చేసేది అదే."