మోకాళ్ళ దగ్గర కోసిన ఫొటో

మంటల దగ్గర ఎక్కడ నిలబడాలో హేమశ్రీకి నేర్పింది ఫైర్‌మన్ సింహాద్రి. "గాలి ఎటేపు నుంచి వత్తందో సూసుకో సెల్లెమ్మా, ఆ ఏపే నిలబడు. పైపు మీద కాలేసావంటే మాత్రం నాను నీకు అన్నని కాను" అన్నాడు మొదటిరోజే.

దువ్వాడలో ఆమెది చిన్న ఫొటో స్టూడియో. రెండేళ్లుగా ఊళ్ళో ఏ భవనం అంటుకున్నా, ఫైరింజను గేటు దాటేలోపే సింహాద్రి ఫోను చేసేవాడు. ఆమె షట్టరు దించి స్కూటీ తీసేది. పెళ్ళిళ్ళలో నవ్వమంటే నవ్వే ముఖాలు తీసి తీసి విసిగిన మనిషికి, ఎవరూ నవ్వమనని, మంటల దగ్గరి ముఖాలు కావలసి వచ్చాయి.

మార్చిలో ఒక ఉదయం జాలరిపేట పక్కన మూడంతస్తుల ఇల్లు తగలబడింది. కింది గదిలో వలలు దాస్తారు. నైలాను పొగ తారులా చిక్కగా లేచింది. పైన చేపలమ్మే ముసలి పోతమ్మ చిక్కుకుపోయింది. హేమశ్రీ వెనక సందులోంచి మెట్ల వైపు వచ్చేసరికి, భుజాన ముసలమ్మతో ఒక మనిషి పొగలోంచి దిగుతున్నాడు. ముఖానికి మాస్కు. కోటు మీద తెల్లరంగుతో రాసిన పేరు, సింహాద్రి. ఆమె కెమెరా నొక్కింది.

"నువ్వేనా అన్నా?" అని సాయంత్రం అడిగింది.

"మరెవులనుకున్నావు? పేరు సదవలేదేటి?" అని నవ్వాడు. ఫొటో చూసి, దాని కింది అంచు మీద వేలు పెట్టాడు. "కాళ్ళకాడ అంతా బురద, సెత్త. మోకాళ్ళ కాడికి కోసీ."

తీసిన ఫొటోను కోయడం హేమశ్రీకి గిట్టదు. పెళ్ళివారు బతిమాలినా ఒప్పుకోదు. అన్న అడిగాడని కోసింది. ఆ ఫొటో జతచేసి స్టేషన్ వాళ్ళు సింహాద్రి పేరు సాహస పతకానికి పంపారు. అగ్నిమాపక వారోత్సవాల ప్రదర్శనకు కూడా దాన్నే పెద్దది చేయించారు.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు వీరన్న స్టూడియోకి వచ్చాడు. సింహాద్రి ఫైర్ స్టేషన్లోనే ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. పర్మినెంటుకి దరఖాస్తు పెడుతున్నాడట, పాస్‌పోర్టు ఫొటో కావాలన్నాడు. స్టూలు మీద కూర్చుని, గొంతు సవరించుకుని అన్నాడు:

"మేడమ్, పోతమ్మని దించిన ఫొటో నాకూ ఒకటిత్తారా? మా అమ్మకి సూపించాలి."

"నీకెందుకు?"

"అందులో ఉన్నది నాను కదండీ."

హేమశ్రీ చేతిలో లెన్సు గుడ్డ ఆగిపోయింది. వీరన్న చెప్పుకొచ్చాడు. స్టేషన్లో పనికొచ్చే కోట్లు నాలుగే. లోపలికెళ్ళినవాడి సిలిండరు ఈల వేస్తే గాలి అయిపోవచ్చిందని అర్థం, బయటికి రావలసిందే. వచ్చినవాడు కోటూ హెల్మెట్టూ విప్పి తరవాతివాడికి తొడుగుతాడు. ఆ రోజు ఈల మోగి సింహాద్రి సగం మెట్ల దగ్గరే వెనక్కి తిరిగాడు, తన కోటు వీరన్నకు తొడిగాడు.

"అందులో తప్పు లేదండీ, రూలే. పైకెల్లింది నాను. పోతమ్మ అప్పుడు తెలివి తప్పిపోయుంది, మిగతావోలు నోరిప్పరు. సింహాద్రి గారిని అడిగితే 'కోటు మీద ఎవుల పేరుందో సూసుకో బావ' అన్నారు. ఆ ఒక్క పని నా పేరున రాత్తే పర్మినెంటు లిస్టులో పైకెల్తాను మేడమ్."

హేమశ్రీ కంప్యూటరులో కోయని ఫొటో తెరిచింది. బురదనీళ్ళలో రెండు కాళ్ళు. స్టేషను ఇచ్చే నల్లబూట్లు కావు, తెల్ల కాన్వాసు జోళ్ళు. ఎడమదానికి లేసు బదులు పచ్చటి వలతాడు. తల తిప్పి చూసింది. అవే జోళ్ళు, అదే పచ్చతాడు, ఆమె స్టూడియో చాప పక్కన విడిచి ఉన్నాయి.

"బూట్లు ఇవ్వలేదా నీకు?"

"కాంట్రాక్టోలకి ఎవులిత్తారండీ" అని నవ్వాడు.

అంత బురదలో బురదే చూసింది తను. సింహాద్రి మాత్రం ఆ జోళ్ళు చూశాడు. చూసి, ఆమె చేతే కోయించాడు. గాలి ఎటుందో నేర్పిన మనిషే ఆమెను పొగలో నిలబెట్టాడు.

ప్రదర్శన రోజు అధికారులు రాకముందే ఆమె వెళ్ళింది. గోడ మీది ఫొటో దించి, కోయనిది అదే కొలతలో తగిలించింది. ఇస్త్రీ యూనిఫాంలో సింహాద్రి గబగబా వచ్చాడు.

"ఏటి సేత్తన్నావు సెల్లెమ్మా?" ఫొటో కింది భాగం చూసి గొంతు తగ్గించాడు. "పరువు పోద్ది. తీసీయి. నువ్వు నా సెల్లివి కాదేటి?"

"చెల్లిననే కదన్నా అప్పుడు కాళ్ళు కోశాను."

అతను ఫొటో అందుకోబోయాడు. ఆమె గోడకీ అతనికీ మధ్య నిలబడింది. అప్పుడే వీరన్న అతిథుల కుర్చీలు మోసుకుంటూ లోపలికి వచ్చాడు. ఫొటో చూసి ఆగాడు. కుర్చీలు కింద పెట్టి, ఒకసారి తన కాళ్ళకున్న పచ్చతాడు జోళ్ళ వైపు, ఒకసారి గోడ వైపు చూశాడు.

బయట అధికారుల జీపు ఆగిన చప్పుడైంది. సింహాద్రి చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. హేమశ్రీ కదల్లేదు.