సమాధి మీది ఈటె

ఆలివ్ కాయలు దులుపుతున్న రోజున ఆర్కిప్పె తన ఒక్కగానొక్క కొడుకు ఆంథెమొస్‌ను పోగొట్టుకుంది. వాననీటి కాలువ దగ్గర పొరుగు రైతు స్మికోన్‌తో అతనికి మాటా మాటా పెరిగింది. స్మికోన్ చేతిలో కొమ్మలు నరికే కత్తి ఉంది. ఆంథెమొస్‌ను ఇంటికి మోసుకొచ్చేసరికే కొన ఊపిరితో ఉన్నాడు. పనివాళ్లు నీళ్లకు పరుగెత్తారు. తల్లి ఒళ్లో తల పెట్టుకుని, ఒక్క మాట చెప్పి కన్ను మూశాడు.

అంత్యక్రియలు అయ్యేదాకా ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

హత్యకు గురైనవాడి శవం ముందు ఈటె పట్టుకుని నడవడం ఏథెన్స్‌లో ఆచారం. ఆర్కిప్పె అన్న నౌసోన్ ఆ ఈటెను తెచ్చి మేనల్లుడి సమాధి మీద పాతాడు. మూడు రోజులు అక్కడ కాపలా కాయాలి. మూడో రోజున హంతకుడి పేరు ప్రకటించి, కొండ మీది న్యాయసభకు వెళ్లాలి. అక్కడ నేరం రుజువైతే మరణమే.

మూడో రోజు పొద్దున, ఆర్కిప్పె కూర్చున్న సమాధి దగ్గరికి నౌసోన్ గొంతు సవరించుకుంటూ వచ్చాడు.

"ఊరంతా వినేట్టు అరుస్తాను చూడు, చెల్లీ."

"నీ గొంతు నాకు తెలియనిదా అన్నయ్యా? పండగ నాటకంలో రాజు చచ్చిపోతే, రాణి కంటే నువ్వే ఎక్కువ ఏడ్చావట."

"ఏడిస్తే ఏం? కత్తికి కత్తి జవాబు చెప్పందే ఏ నాటకం ముగిసింది?"

"ముగిసేసరికి ఆ ఇంట్లో ఎవరు మిగిలారో కూడా చూశావుగా. కూర్చో, ఒక మాట చెప్పాలి."

చెప్పింది. 'స్మికోన్‌ని వదిలేశానమ్మా' అన్నాడట ఆంథెమొస్. చనిపోయేవాడు తన నోటితో వదిలేస్తే, బంధువులెవరూ హంతకుణ్ణి సభకు లాగకూడదు. చట్టం అది.

నౌసోన్ ముఖం మాడిపోయింది. "ఇంకెవరు విన్నారు?"

"నేనొక్కదాన్నే."

"అయితే ఎవరూ విననట్టే. ఆడవాళ్ల సాక్ష్యం సభలో చెల్లదు."

"నా సాక్ష్యం సంగతి వదిలెయ్. సభలో నువ్వేం చెయ్యాలి? కోసిన పంది, పొట్టేలు, ఎద్దు ముక్కల మీద నిలబడి, 'నా ఫిర్యాదు అన్యాయమైతే నా వంశం నశించాలి' అని ఒట్టెయ్యాలి. ఇప్పుడు నీకు నిజం తెలుసు. నీకున్నదీ ఒక్క కొడుకే."

"చెప్పకుండా ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"నా కొడుకు మాట పోయేది."

నౌసోన్ గడ్డం నిమురుకున్నాడు. "అంటే వాణ్ణి క్షమించేశావా?"

"నేనెందుకు క్షమిస్తాను? వదిలింది నా కొడుకు. వాడి మాట నేను దాటను. అంతే."

నౌసోన్ కొండ దారి కాకుండా ఇంటి దారి పట్టాడు. సంగతి తెలిసి స్మికోన్ వచ్చి గుమ్మం ముందు నిలబడితే, ఆర్కిప్పె తలుపు తియ్యలేదు.

హంతకుడి మీద ప్రకటన లేదు కాబట్టి ఈటెను పీకెయ్యాలి. పీకమంటావా అని నౌసోన్ అడుగుతూనే ఉన్నాడు. ఆమె ఇంకా ఊఁ అనలేదు.