లాకు దగ్గర పరజలు

వరప్రసాదం భార్య రూతును చంపింది పరజల కూర, అడవి బాతుల కూర. ఆస్పత్రిలో కలరా అన్నారు. ఊరు దాని మీద ఇంకో మాట వేసింది: ఆవిడ వంటింట్లో శుభ్రం లేదట. పొద్దునా సాయంత్రం అరుగు కడిగిన మనిషి గురించి ఆ మాట.

వరప్రసాదం కాలువ నీళ్ళకు అడ్డం కట్టిన లాకు తలుపుల దగ్గర వంగి, కొక్కెం గడతో చచ్చిన పరజను గట్టుకు లాగుతున్నాడు. అతను రాజోలు కాలువ మీద లస్కరు. గొలుసులకు గ్రీజు పూయడం, తలుపులు ఎత్తడం, అడ్డుపడ్డ చెత్త తీయడం పని. మాఘం వచ్చేసరికి చెత్తలో పిట్టలే ఎక్కువ. పొట్టలు ఉబ్బి, రెక్కలు విప్పుకుని వస్తాయి. పట్టుకుంటే చర్మం ఈకలతో సహా ఊడి వేళ్ళకు అంటుకుంటుంది. ఆ కంపు సబ్బుకు పోదు. రూతు పోయినప్పటి నుంచి అతను అన్నం చెంచాతో తింటున్నాడు.

చలికి ముందు ఉత్తరాది నుంచి దిగి, మాఘం చివర తిరిగి వెళ్ళే పిట్టలవి. హిమాలయాలు దాటి, మంచు కరిగే చోట గుడ్లు పెడతాయని బడి పంతులుగారు చెప్పారు. వెళ్ళేముందు లంక మడుగుల్లో చేరి ఒళ్ళు చేసేదాకా మేస్తాయి. మొదటి గుంపు లేచిందంటే రూతు పొయ్యి మీది ఎసరు వదిలేసి లాకు మీదికి వచ్చేది. “పోతన్నాయండీ,” అనేది, పుట్టింటివాళ్ళను సాగనంపినట్టు.

ఆ మేతలోనే పిట్టలమ్మే చిట్టిబాబు, రూతుకు ఊరి వరసన తమ్ముడు, ఎండ్రిన్ పురుగుమందు కలిపిన వడ్లు చల్లుతాడు. తెల్లారి చచ్చినవాటిని ఏరి, మెడలు కోసి, కోడి నెత్తురు పూసి, బతికుండగా కోసినట్టు అమ్ముతాడు. కాలువలో కొట్టుకొచ్చినవి వరప్రసాదం వంతు.

ఆ పొద్దున కూడా చిట్టిబాబు పిట్టలు వేలాడగట్టిన కర్ర భుజాన వేసుకుని లాకు మీద ఆగాడు. గట్టున టీకొట్టులో నాగమణి గ్లాసులు కడుగుతోంది.

“ఏం బావగారూ, నా సరుకు మీరు ఏరుకుంటన్నారేంటండీ?”

“పాతిపెట్టడానికి.”

“కొవ్వు పట్టిన పిట్టలండీ. మన్నుపాలు చేస్తారా?”

“నా పెళ్ళాన్నీ పాతిపెట్టేను. నువ్విచ్చిన జత తినే పోయింది.”

నాగమణి చేతిలో గ్లాసు ఆగింది. చిట్టిబాబు నవ్వాడు.

“మళ్ళీ అదేనా అండీ? పేగులూ తిత్తీ తీసేసి, పసుపూ చింతపండూ వేసి కడిగితే మందు దిగిపోద్దండీ. మా ఇంట్లో తింటంలేదా? అక్కే సరిగ్గా కడిగుండదు.”

వరప్రసాదానికి కావలసింది ఒక్కటే. రూతు తప్పు లేదని ఊళ్ళో ఎవరో ఒకరు పైకి అనాలి. పాస్టరుగారు కూడా అనలేదు.

“ఈ పూట మా అమ్మకి ఇదే కూరండీ,” అన్నాడు చిట్టిబాబు. “రేపొచ్చి చూసుకోండి. మిమ్మల్ని నాలుగు తిట్టి పంపుద్ది.”

“ముసల్దానికి పెట్టకురా.”

“ఆయ్, తమరి సెలవు లేకుండా పెడతానా అండీ,” అని చిట్టిబాబు వెళ్ళిపోయాడు. నాగమణి నవ్వు ఆపుకుంది.

వరప్రసాదం గొయ్యి తవ్వి పిట్టలను అందులోకి తోసి, సున్నం చల్లాడు. గొలుసులకు గ్రీజు పూశాడు. పొద్దువాలే వేళ లంక మీంచి మొదటి గుంపు లేచింది. లాకు మీదుగా, కొబ్బరి తోటల మీదుగా ఉత్తరానికి సాగింది. అతను తలెత్తి చూశాడు. పోతన్నాయండీ అనడానికి ఎవరూ లేరు.

తల దించేసరికి లాకు పక్కన తన ఇంటి అరుగు కింద చెప్పులు విడుస్తూ చిట్టిబాబు కనిపించాడు.

“అమ్మ పోయింది బావగారూ. కొట్టుకుని కొట్టుకుని పోయింది. నేనింకా కంచం ముందు కూర్చోలేదు.” రెండో చెప్పు కూడా విడిచాడు. “నేనే కడిగేనండీ. పసుపేసి బాగా కడిగేను. అక్క తప్పు కాదండీ. నలుగుర్లో చెప్తాను.”

ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట. ఆ నోట్లోంచి వినేసరికి వరప్రసాదానికి కాలువలో కుళ్ళినదాన్ని ఎవరో కడిగి కంచంలో వేసినట్టనిపించింది.

“ఆవిడ శుభ్రానికి నీ సాక్ష్యం ఏంట్రా? శవం దగ్గరికి పో. ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను.”

చిట్టిబాబు వట్టికాళ్ళతో గట్టు దిగి వెళ్ళాడు. ముసల్ది ఏం తిని పోయిందని మర్నాడు నాగమణి అడిగింది, ఆదివారం పాస్టరుగారు అడిగారు. వరప్రసాదం ఎవరికీ జవాబు చెప్పలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ చెప్పలేదు.

టైరు చెప్పులు అరుగు కిందే ఉండిపోయాయి, ఒకదాని పట్టీకి తడి ఈక అంటుకుని.