మూడో నంబర్‌కు ఊపిరాడట్లేదు

రేచల్‌కు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏదైనా తిరుగుతుంటే అది అట్లా ఎందుకు తిరుగుతోందో తెలిసేదాకా ఆ పిల్లకు అన్నం సయించదు. మేడ్చల్ చర్చిలో పాస్టర్‌గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దామనగానే అందరూ బుద్ధిగా కళ్లు మూసుకునేవాళ్లు. ఈవిడగారు మాత్రం తలెత్తి పైనున్న ఫ్యాన్ల వంక చూసేది. ఒకటి జోరుగా, పక్కది నీరసంగా ఎందుకు తిరుగుతున్నాయో ఆమెకు అప్పటికప్పుడు తెలియాలి. వాళ్ల నాయిన జాన్సన్ మోచేత్తో పొడిచేవాడు. పొడిస్తే మానే జబ్బా అది? పెరిగి పెద్దదై ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, చివరికి ఫ్యాన్లను చూసే ఉద్యోగంలోనే చేరింది.

ఉద్యోగం శామీర్‌పేట చెరువు దాటాక, కరీంనగర్ రోడ్డు మీదున్న ప్రతాప్ రెడ్డి ఫంక్షన్ హాల్లో. ఒకప్పుడు అక్కడ ప్రతాప్ రెడ్డి వాళ్ల జొన్నచేను ఉండేది. ఇప్పుడు జొన్నలకు బదులు పెళ్లిళ్లు పండుతున్నాయి. హాలు గోడల వెనక నాలుగు పెద్ద రేకు పెట్టెలున్నాయి, ఒక్కోటి చిన్నపాటి గదంత. అవి హాల్లోని గాలిని లాక్కుని, బట్టతో చేసిన ఫిల్టర్లలో వడగట్టి, చల్లటి నీళ్ల గొట్టాల మీదుగా పంపి మళ్లీ హాల్లోకి వదులుతాయి. లోపలి ఫ్యాను ఎంత వేగంతో తిరగాలో చూసుకునేది డ్రైవ్. గాలి ఒత్తిడి తగ్గితే వేగం పెంచుతుంది, సరిపోతే తగ్గిస్తుంది. ఆ వేగం ప్యానెల్ మీద పచ్చ అంకెల్లో కనబడుతుంది. యాభైకి చేరిందంటే ఇక దాని తాకత్ అంతేనన్నమాట.

నాలుగు పెట్టెలకు నాలుగు డ్రైవ్‌లు. మూడు బుద్ధిమంతులు. ముప్పై అయిదు, ముప్పై ఆరు మీద తమ పని తాము చేసుకుపోతాయి. మూడో నంబర్ మాత్రం ఒక ఫంక్షన్‌కు మంచిగా ఉండి, ఇంకో ఫంక్షన్‌కు యాభైకెక్కి కూర్చుని ఎర్ర లైటు వెలిగించి ఏడుస్తుంది. ఏడ్చేది కూడా ఎక్కడ? సరిగ్గా స్టేజీ మీదకు గాలి పంపే పెట్టె అది. పెళ్లికొడుకు చెమటలు కక్కుతాడు, పెళ్లికూతురి మొహం మీద వేసిన రంగులన్నీ మెడ మీదికి దిగుతాయి, పెళ్లివారు వచ్చి ప్రతాప్ రెడ్డి ప్రాణం తీస్తారు.

ఆ గురువారం ప్రతాప్ రెడ్డి ప్యానెల్ గదికి వచ్చాడు. తెల్లటి ఖద్దరు అంగీ, అట్టముక్కలా నిలబడ్డ కాలరు. ఆ అంగీ కదిలితే చప్పుడు వస్తుంది. రేపోమాపో సర్పంచి ఎన్నికల్లో నిలబడాలని ఆయన ఆలోచన, అంగీ అప్పుడే నిలబడిపోయింది.

"చూడు రేచల్, ఆదివారం మా అశ్రిత ఎంగేజ్‌మెంట్. నా బిడ్డది! స్టేజీ మీద ఉక్కపోసిందనుకో, సోమవారం కంపెనోడు వచ్చి గా డ్రైవ్ పీకేస్తడు. దాంతోని నీ నౌకరి గూడ పోతది. ఆడపిల్ల కరెంటు పనికి ఎందుకని అందరన్నరు. అయినా పెట్టుకున్న. నా పరువు తియ్యకు."

"డ్రైవ్ ఖరాబ్ కాలేదు సార్. అది చెప్పేది మనకు సమజైత లేదు, గంతే," అంది రేచల్.

"ఏం చెప్తాంది మరి?"

"ఊపిరాడత లేదంటాంది."

ప్రతాప్ రెడ్డి ఆమెను ఎగాదిగా చూసి, అంగీ చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు.

పైకి ధైర్యంగా అన్నదే కానీ రేచల్‌కు లోపల భయమే. సుచిత్ర సెంటర్‌లో షాపుల బోర్డులకు లైట్లు బిగించే పని వదిలేసి వచ్చింది ఇక్కడికి. ఈ ప్యానెల్ అంటే ఆమెకు ప్రాణం. పొద్దున వచ్చి తలుపు తెరవగానే ఆ నాలుగు అంకెలను చూస్తే ఇంట్లోవాళ్లను చూసినట్టుంటుంది. వీటిని వదిలి మళ్లీ నిచ్చెన ఎక్కి బోర్డులు బిగించాలా?

ఇప్పటికే ఆమె చెయ్యని పని లేదు. ఒత్తిడిని కొలిచే సన్న గొట్టంలో దుమ్ము అడ్డుపడిందేమోనని ఊది చూసింది. బెల్టు వదులైందేమోనని బిగించింది. జనం ఎక్కువైతే అట్లా అవుతుందేమో అనుకుంటే, వందమంది కూడా లేని ఒక ఓణీల ఫంక్షన్‌లో యాభైకెక్కి ఆమె మొహం మీద కొట్టింది. అన్నిటికన్నా వింత ఇంకొకటుంది. ఫిల్టర్లు మురికైతే ఫ్యాను వేగం పెరుగుతుంది, కడిగి పెడితే తగ్గుతుంది. లోకమంతా అంతే. ఈ మహాతల్లికి మాత్రం ఒక్కోసారి కడిగి పెట్టాకే వేగం పెరుగుతోంది! కడిగితే జబ్బు చేసేదాన్ని ఎక్కడైనా చూశామా?

శుక్రవారం పొద్దున హాల్లో ఒక గృహప్రవేశం విందు జరుగుతోంది. మూడో నంబర్ ముప్పై ఆరు మీద నవ్వుతూ ఉంది. ఈ బాగున్నప్పుడే దాని సంగతి తేల్చాలని రేచల్ ఆలోచనలో పడింది. కిందటిసారి ఏడ్చినప్పుడు ఆమె ఫ్యాన్ ఆపి ఫిల్టర్లు తీసి చూసింది. మల్లెపువ్వుల్లా తెల్లగా ఉన్నాయి. వేలితో కొడితే టకటకమన్నాయి. ఇంత శుభ్రంగా ఉన్నవాటిని అనుమానించడం పాపమనుకుని మళ్లీ బిగించేసింది. అదే రోజు పెళ్లికూతురి మేనత్త ఒకావిడ, "గీ స్టేజీ మీద ఇస్త్రీ వాసనొస్తాందేందమ్మా?" అని అడిగింది. అప్పుడు నవ్వి ఊరుకుంది. ఇప్పుడు ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది.

టీ కోసం వంటశాలకు వెళ్లింది. వంటమేస్త్రి నర్సయ్య పెద్ద గుండిగలో అన్నం వారుస్తున్నాడు. పొగలు కక్కుతూ గంజి బకెట్లోకి దిగుతోంది.

"అన్నా, గింత గంజి ఏం జేస్తరే? పారబోస్తరా?"

"పారబోసుడేంది! మన హాలు ఊడ్చే పెంటమ్మ తీస్కవోతది. తెల్లన్నం వండిన దినం బకెట్ నిండ తీసిపెట్టుమని నా పానం దీస్తది. బిర్యానీ దినం ఉప్పు, మసాల ఉంటది గద, ముట్టదు. బర్రెకు కుడితి పెడ్తదేమో."

రేచల్ టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయింది.

"అన్నా, పెంటమ్మవ్వకు బర్రె ఏడుంది?"

నర్సయ్య గరిటె పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "అవును గదా, లేదు," అన్నాడు.

ఇక ఆ పిల్లకు టీ దిగుతుందా? బిర్యానీ పెట్టిన ఫంక్షన్ తరవాత మూడో నంబర్ చల్లగా ఉంటోంది. తెల్లన్నం పెట్టిన ఫంక్షన్ తరవాత, మరుసటి ఫంక్షన్‌కు యాభైకెక్కుతోంది. ఒకటొకటే గుర్తుచేసుకుంది. అన్నీ కలిశాయి. హాలంతా ఊడ్చేదీ, ఫంక్షన్ అయిన మర్నాడు ఫిల్టర్లు కడిగేదీ పెంటమ్మే. బకెట్ పట్టుకుని డాబా మెట్లెక్కుతుంటే రేచల్ ఎన్నిసార్లు ఎదురుపడలేదు? ఎన్నిసార్లు తప్పుకుని దారివ్వలేదు? గొట్టాన్ని అడిగింది, బెల్టును అడిగింది, డ్రైవ్‌ను బటన్లు నొక్కి నొక్కి అడిగింది. పెంటమ్మను మాత్రం ఒక్క మాట అడగలేదు. తన మీద తనకే కోపం వచ్చింది.

శనివారం పొద్దున ఆమె డాబా ఎక్కేసరికి పెంటమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, కడిగిన ఫిల్టర్‌ను గంజి బకెట్లో ముంచి తీస్తోంది. ముంచడం కూడా ఎంత అపురూపంగా! చంటిపిల్లకు నీళ్లు పోస్తున్నట్టు అరచేత్తో గంజిని మూలమూలకూ తాపుతోంది.

"అవ్వా! ఏం జేస్తున్నవే?"

"కనబడత లేదా బిడ్డా, గంజి పెడుతున్న. కడిగి కడిగి బట్ట వదులై సంచి లెక్క ఏలాడుతాంది. గీ మూడో నంబర్ పెట్టె సారు గది పక్కనే ఉండె. ఒకనాడు చూసి నామీద లేశిండు. గీ బట్టేంది గిట్లున్నది, నా అంగీ లెక్క కడక్‌గ నిలబడాలె అన్నడు. సారు అంగీలకు గంజి పెట్టేది నేనే గద, గట్లనే దీనికి గూడ పెడుతున్న. తర్వాత చూసి మెచ్చుకున్నడు గూడ!"

రేచల్‌కు నవ్వు ఆగలేదు. డాబా పిట్టగోడ పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. పెంటమ్మ కూడా ఎందుకో తెలియకుండానే కాసేపు నవ్వింది. తరవాత రేచల్ ఆమెను కూర్చోబెట్టి, అప్పటికే గంజి పట్టి ఎండిన ఫిల్టర్ ఒకటి తీసుకుని మొహానికి అడ్డంగా పట్టుకోమంది. "ఊదవ్వా," అంది. పెంటమ్మ ఊదింది. ఊపిరి తిరిగి ఆమె మొహానికే కొట్టింది. బట్టలోని సందులన్నీ గంజితో పూడుకుపోయి ఉన్నాయి.

పెంటమ్మ మొహంలో నవ్వు పోయింది.

"అంటే గిన్ని దినాల సంది నేనే దాని గొంతు పిసుకుతున్ననా? నీ నౌకరి పోతదంటున్నరు, గది నా వల్లనేనా?" ఫిల్టర్ కింద పెట్టేసింది. "సారుకు చెప్తవా బిడ్డా? నన్ను ఉంచడు."

రేచల్ బకెట్లో మిగిలిన గంజి పారబోసింది. చెప్తే పెంటమ్మ పోతుంది. చెప్పకపోతే, ఇన్నాళ్లూ రేచల్‌కు చేతకాక ఇవాళ ఏదో తగిలి బాగైందంటాడు ప్రతాప్ రెడ్డి. మళ్లీ ఎప్పుడో అన్నం వండుతారు, మళ్లీ ఎవరో గంజి పెడతారు.

"ముందుగాల వేణ్నీళ్లు పెట్టు అవ్వా, పని చూద్దం," అంది.

ఇద్దరూ వేడినీళ్లలో మూడో నంబర్ ఫిల్టర్లన్నీ నానబెట్టి గంజి వదిలేదాకా కడిగారు. వదులైన బట్టను రేచల్ ఫ్రేముకు సన్నటి తీగతో లాగి కట్టింది. ఆరేద్దామంటే శామీర్‌పేట వైపు నుంచి ముసురు పట్టింది. పెంటమ్మ ఆకాశాన్ని తిట్టింది. రేచల్ వాటిని తడిగానే పెట్టెలో బిగించి, చల్లటి నీళ్ల వాల్వ్ మూసేసి, డ్రైవ్‌ను ఆటో నుంచి మ్యాన్యువల్‌కు మార్చి నెమ్మదిగా ఇరవై మీద తిప్పింది. గాలి పంపే పెట్టెతోనే బట్టలారేసిన పిల్ల ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే అయ్యుంటుంది. మధ్యాహ్నానికి ఆరాయి. వాల్వ్ తెరిచి, మళ్లీ ఆటోలో పెట్టి వేలు తీసింది. అంకె ముప్పై, ముప్పై మూడు, ముప్పై ఆరు... అక్కడ ఆగింది. కదల్లేదు. రేచల్ ప్యానెల్ తలుపుకు నుదురు ఆనించి, చర్చిలో కూడా ఎప్పుడూ మూసుకోనంత గట్టిగా కళ్లు మూసుకుంది.

సాయంత్రం ప్రతాప్ రెడ్డి రానే వచ్చాడు. స్టేజీ మీద నిలబడి, చల్లగా ఉందని మురిసి, నేరుగా ప్యానెల్ గదికొచ్చాడు.

"ఏం జేసినవ్?"

తలుపు దగ్గర పెంటమ్మ చీపురు పట్టుకుని బిగుసుకుపోయింది. రేచల్ ఆమె వంక చూసింది, ఆయన అంగీ వంక చూసింది.

"ఫిల్టర్లకు గంజి పెట్టిన్రు సార్. గాలాడక పరేషాన్ అయింది. కడిగి పెట్టినం."

"గంజా!" ప్రతాప్ రెడ్డి కళ్లు ఎర్రబడ్డాయి. "ఎవడు వాడు? ఎవడు పెట్టమన్నడు?"

"మీరే సార్."

ప్రతాప్ రెడ్డి చెయ్యి కాలరు మీదికి పోయింది.

"నా అంగీ లెక్క కడక్‌గ నిలబడాలె అన్నరట. అవ్వ మీ అంగీలకు ఏం జేస్తదో దానికి గదే జేసింది. మీరు చెప్పింది చెప్పినట్టు చేసింది సార్, ఒక్క అక్షరం గూడ తప్పలేదు. నమ్మకుంటే మీ అంగీ చేతి బట్ట నోటికాడ పెట్టుకొని ఊదుండ్రి."

అనేశాక రేచల్ ఇక అయిపోయిందనుకుంది, సుచిత్రలో నిచ్చెన కళ్ల ముందు కనబడింది. ప్రతాప్ రెడ్డి మొహం ముడుచుకున్నాడు. తరవాత, ఎవరూ చూడట్లేదనుకున్నాడో ఏమో, మోచెయ్యి పైకెత్తి అంగీ బట్టను నోటికి అడ్డం పెట్టుకుని ఊదాడు. బుస్సుమని ఆ గాలి ఆయన మీసాల మీదికే తిరిగొచ్చింది. మళ్లీ ఊదాడు. మళ్లీ అంతే. గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

రాత్రంతా రేచల్‌కు నిద్ర లేదు. ఆదివారం అశ్రిత ఎంగేజ్‌మెంట్ అంగరంగ వైభవంగా జరిగింది. స్టేజీ మీద ఒక్కరి నుదుటన చెమట బొట్టు లేదు. భోజనాలు మొదలయ్యాక ప్రతాప్ రెడ్డి ప్యానెల్ గది గుమ్మంలోకి వచ్చాడు. ఆయన వచ్చినట్టు చప్పుడే తెలియలేదు. అంగీ మెత్తగా, అక్కడక్కడ ముడతలు పడి, మామూలు మనిషి అంగీలాగా ఉంది.

"గిన్నేండ్ల సంది నాకు ఉక్కపోస్తాంటే వయసనుకున్న," అన్నాడు. "కంపెనోన్ని రావద్దన్న. నువ్వు నౌకరి జెయ్యి. ఇగ మీదట నేనేమన్న చెప్తే, చేసే ముందుగాల ఇద్దరు ఒకసారి ఊది చూడుండ్రి."

వెనక నిలబడ్డ పెంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియదు. ఆయన వెళ్లాక మెల్లగా లోపలికొచ్చి ప్యానెల్ ముందు నిలబడింది. బస్సు నంబర్లు చదివే మనిషి కాబట్టి అంకెలు ఆమెకు తెలుసు.

"మూడు, ఆరు," అని వేలు పెట్టి చదివింది. "అంటే ఏంది బిడ్డా?"

"నువ్వే చెప్పవ్వా."

పెంటమ్మ పక్కగదిలోకి వెళ్లి మూడో నంబర్ రేకు పెట్టె మీద అరచెయ్యి వేసి కాసేపు ఉంది. తిరిగొచ్చేసరికి ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"ఊపిరాడుతాంది," అంది.