టౌనుహాలు మెట్లపై నీడ

కార్తికమాసమున వానలు వెనుదీసి సముద్రము బూడిదవన్నె విడిచి నీలిమ దాల్చిన యొక యపరాహ్ణవేళ విశాఖపట్టణపు పాతనగరగృహములు ఉప్పుగాలికి పెచ్చులూడిన సున్నపుగోడలతో దీర్ఘరోగమునుండి లేచిన వృద్ధులవలె ఎండ గాచుకొనుచుండెను. అందొక వీథిమలుపున ఖాదరుసాహెబు నడుపు పాతకాగితముల దుకాణమున పూర్వకాలపు పట్టణచిత్రములు గల పోస్టుకార్డుల పెట్టెను ముందుంచుకొని జరాభారావనత యగు వరహాలమ్మ ఒక్కొక్క కార్డును దీసి చూచుచుండెను. దీపస్తంభము గడచెను. రేవు గడచెను. రాణిగారి విగ్రహము గడచెను. ఆమెకు గావలసినది టౌనుహాలు.

"మామ్మగారూ, ఈ నెల్లో ఇది నాలుగోసారి రావడం. నాలుగడుగులేస్తే అసలు టౌనుహాలే ఉంది కదండీ! కార్డుతో పనేటండి మీకు?" అని ఖాదరు నవ్వెను.

"అసలుదాని మెట్ల మీద మా అన్నయ్య లేడు బాబూ. కార్డులో ఉన్నాడు. నేను పోయేలోగా ఒక్కసారి ఆ మొహం చూసుకోవాలి. మర్చిపోతున్నాను."

ఆమె తండ్రి జగ్గారాయడు ఛాయాచిత్రకారుడు. కట్టడముల యౌన్నత్యము చూపరులకు దెలియుటకై ప్రతిచిత్రమునందును ఒక మనుష్యుని నిలుపుట యాతని వాడుక. టౌనుహాలు మెట్లపై నిలిచినవాడు ఆతని కుమారుడు పైడిరాజు. మఱునాడే యాతడు రంగూను ఓడ నెక్కెను. ఆ వెనుక యుద్ధము వచ్చెను గాని యాతడు రాలేదు. పరుల ముఖములను జిత్రించుటయే జీవనమైన యా యింట తమవారి ముఖములకు దీరిక చిక్కమిచే నాతని చిత్రము మఱియొకటి లేదు.

ఆతడున్న కార్డులు కొన్ని యచ్చై యమ్ముడుపోయెను గాని యాతడు వెడలిన కొలదినాళ్లకే వర్తకులు మనుష్యులు లేని కట్టడములే కావలెననిరి. తండ్రికి చూపు మందగించుటచే చిత్రము బట్టిన గాజుపలకపైని యాకృతులను సన్నని కుంచెతో మాపు పని పండ్రెండేండ్ల వరహాలమ్మపై బడెను. అన్న రేపో మాపో వచ్చునను ధీమాతో ఆ బాలిక తన చేతితోనే యన్నను మాపివేసెను. కార్డులు అచ్చైన పిదప తండ్రి నెత్తి బాదుకొనెను.

"మనిషిని తుడిచి నీడ నొదిలేశావేటే పిచ్చిమొహమా! దెయ్యం నిలబడ్డట్టుంది!"

అప్పటికే యంగడికి బోయిన కొన్ని దక్క ఆ కట్టలు నీళ్లపొయ్యిలో కాలిపోయెను.

పెట్టె యడుగున టౌనుహాలు దొరకెను. మెట్లు శూన్యములు. వరహాలమ్మ నిట్టూర్చి దానిని జారవిడువబోయెను.

"అదెవరూ కొనరండి, తప్పచ్చు. మనిషి లేడు, నీడుంది చూడండి" అని ఖాదరు భూతద్దము నందించెను.

ఏటవాలుగ సాగిన యా నీడ యొక చేయి యెత్తియుండెను. తండ్రి కదలవద్దని కేకలు వేయుచుండగా కెమెరా ప్రక్కన నిలిచిన చెల్లెలిని "ఎండలో నిలబడకే వరాలూ, పక్కకెళ్లు" అని యదలించుచు ఎత్తిన చేయి యది. ఆ మాట యామె యఱువదేండ్లుగ మఱచియుండెను.

"మొహం లేదు కదండీ మామ్మగారూ?"

"మొహం నేనే తుడిచేశాను బాబూ. ఈ నీడొక్కటే నా చేతికి చిక్కలేదు."

ప్రొద్దు వాలుచుండగా వరహాలమ్మ కార్డును కొంగున జుట్టుకొని మెల్లగ టౌనుహాలు చేరెను. మెట్లు నిర్జనములై యుండెను. అలసిన యామె కార్డును జూచి మెట్టును జూచి ఒకనాడు నీడ పడినచోటు విడిచి దాని ప్రక్కనే ఎండ సోకనివైపున గూర్చుండెను.