బొందు కట్టే చోట

లంగాలు పిండుతుంటే అత్తమ్మ ముక్కు మూసుకుని వచ్చి, తన చీరను నా బకెట్లోంచి వేలికొసలతో ఎత్తుకుపోయింది. "నీ చీము బట్టలల్ల నా చీరె కలుపకు పిల్లా. కడుపుల దేవుతున్నది." నాకూ దేవింది. కానీ ఉతికేది నేనే కనుక వాంతికి తీరిక దొరకలేదు.

నడుముకు ఎడమవైపు, లంగా బొందు ముడి పడే చోట పుండు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తమ్మే నేర్పింది: "బిందె సంకకెత్తేదానివి, బొందు బిగ్గ కట్టు. వదులు బొందు ఆడిదాన్ని సూస్తే నలుగురు నవ్వుతరు." కట్టాను. ఒరిసింది, వాచింది, పుండయింది. పుండు మీద పసుపద్ది మళ్లీ దాని మీదే బిగించమంది. పొద్దంతా కట్టిన పక్కు సాయంత్రం బొందుతో పాటే ఊడొచ్చేది. ఏళ్లుగా ఇదే తంతు.

మా ఆయన దేవిదాస్ బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా. మొలాసిస్ మడ్డి కంపును రోజంతా ఓర్చుకునే ముక్కు, నా దగ్గరికి వచ్చేసరికి గోడవైపు తిరిగేది. "గీ కంపేందే? జర మంచిగ కడుక్కోరాదు?" దవాఖానకు పోదామంటే, "చెరుకు సీజన్ నడుస్తున్నది, అయినంక సూద్దాం" అన్నాడు. ఆయన మెడ మీద సెగ్గడ్డ లేచింది కూడా ఆ సీజన్‌లోనే. ఆ గడ్డకు మాత్రం దవాఖానకు పోను ఫ్యాక్టరీ జీపు దొరికింది.

అన్నం వార్చి, ఎవరికీ చెప్పకుండా నిజామాబాద్ బస్సెక్కాను. అక్కడ కంఠేశ్వర్‌లో డాక్టర్ తారాబాయి పుండు అంచును వేలితో నొక్కి చూసింది.

"ఒక్కతాన్నే ఏండ్లకేండ్లు ఒరిస్తే వాపు ఆరదు. మాన్పుకోనీకి ఒళ్లు కొత్త కణాలను పుట్టిస్తనే ఉంటది. గా గడబిడల ఏదో ఒక కణం ఆగుడు మరుస్తది. అందరికి గాదు, కొందరికి. గదే క్యాన్సర్. నీకు అంచు గట్టిపడ్డది, నాకు అనుమానముంది. ముక్క కోసి పరీక్షకు హైదరాబాద్‌కు పంపాలె. మీ ఆయనను పిలుచుకరా."

"ఆయనకు నేనంటే రోత డాక్టరమ్మా. మీకు లేకుంటే ఇప్పుడే కొయ్యుండ్రి."

"మత్తు సూది ఇస్త గని, నొప్పైతది. ఓర్సుకుంటవా?"

"డిగ్రీ సదివేటప్పుడు కప్పలను అడగకుండనే కోసిన. మీరు నన్ను అడుగుతున్నరు, గదే ఎక్కువ."

ఆమె నవ్వు ఆపుకుంటూ కత్తి అందుకుంది.

కట్టు కట్టించుకుని లేచేసరికి బల్ల మీది సీసాలో, మందునీళ్లలో చింతగింజంత ముక్క. రోత పడకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాను. పెళ్లయ్యాక నాది అన్నదాన్ని ఒకరు భూతద్దం కింద పెట్టుకుని తీరిగ్గా చూడబోవడం ఇదే మొదలు.